గడువు తీరిన ఇంగ్లీషు

మీ నొప్పి రాసుకునే డాక్టరుకు మీ మాట అర్థమవుతుందో లేదో మీరు ఎన్నడైనా అడిగారా? అడగలేదు. చీటీ నంబరు ఎంత, రక్తపరీక్ష ఇక్కడేనా బయట చేయించాలా, సూది వేస్తారా గోలీలేనా, ఇవన్నీ అడుగుతారు. ఆ ఒక్కటి అడగరు. నేనూ అడగలేదు. ముప్పై ఏళ్లు ఖమ్మంలో పాఠాలు చెప్పి, కనపడ్డ ప్రతి విషయం మీదా ప్రశ్న లేవదీసి, బంధువులు పెళ్లికి పిలవడానికి జంకేంత పేరు సంపాదించినవాణ్ని. ఆ ప్రశ్న మాత్రం నా నోట రాలేదు. దాన్ని నాకు నేర్పింది నా దగ్గర చదువుకున్న ఒక డాక్టరమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదని ఒక దేశం అనుమానపడబట్టి నాకు ఆ పాఠం దక్కింది.

ఆమెది దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న కోయగూడెం. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త పెంచింది. ఖమ్మంలో ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదివింది. ఆ హాస్టల్లో ప్రతి ఆదివారం నేను చర్చాసభ నడిపేవాణ్ని. ప్రశ్నను ఉన్నదున్నట్టు మింగవద్దు, ముందు ఆ ప్రశ్ననే నిలదీయాలి అన్నది మా సభలో మొదటి సూత్రం. ఆ పిల్ల దాన్ని ఒంటబట్టించుకుంది. డాక్టరయింది. తర్వాత ఒక చలిదేశంలో, మనుషుల కంటే గొర్రెలు ఎక్కువుండే ఒక చిన్న పట్నంలో ఉద్యోగానికి కుదిరింది. నాలుగేళ్లుగా అక్కడి దవాఖానాకు పెద్దదిక్కు ఆమే. ప్రసవాలు, విరిగిన ఎముకలు, ముసలివాళ్ల గుండెదడలు, అన్నీ ఆమె చేతి మీదుగానే.

మొన్నటి వేసవిలో సెలవు మీద వచ్చి నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే అంది.

"సార్, నేను ఇంగ్లీష్‌ల ఫెయిలైన."

ఏదో తమాషా చేస్తోందనుకున్నాను. కాదు. ఆ దేశంలో శాశ్వతంగా ఉండడానికి అనుమతి కోరుతూ ఆమె దరఖాస్తు పెట్టుకుంది. దానికి ఇంగ్లీషు పరీక్ష మార్కు జతచేయాలి. డాక్టరుగా చేరేముందే ఆ పరీక్ష రాసి నెగ్గిందిగదా అంటే, ఆ మార్కు రెండేళ్లే చెల్లుతుందట. మాత్రలకు గడువుంటుంది, పెరుగు పొట్లానికి గడువుంటుంది. మనిషి నోట్లో ఉన్న భాషకు గడువు ముద్ర వేసిన ఘనుల గురించి నేను మొదటిసారి విన్నాను. అందులోనూ చిత్రమేమిటంటే, ఆ రెండేళ్లూ, ఆ పైన ఇంకో రెండేళ్లూ ఆమె పొద్దున లేస్తే మాట్లాడింది ఆ భాషే. వాడకపోతే తుప్పు పట్టిందేమో అనుకోవచ్చు. రోజూ వాడుతున్న కత్తికి తుప్పు పట్టిందని సర్కారువారి ఊహ.

"మరి ఆ ఆఫీసోళ్లతోటి మాట్లాడలేదా బిడ్డా?"

"మాట్లాడిన సార్. ఫోన్‌ల అరగంట."

"ఏ భాషల?"

"గదే నేనూ అడిగిన. 'ఇప్పుడు మనిద్దరం ఏ భాషల మాట్లాడుకుంటున్నం సార్' అన్న. ఆయన నవ్విండు. 'నాకు తెలుసు డాక్టర్, నా కంప్యూటర్‌కు తెల్వదు' అన్నడు."

అరగంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి, ఇంగ్లీషు వచ్చినట్టు రుజువు లేదని ఇంగ్లీషులో చెప్పి, మంచి ఇంగ్లీషులో శుభాకాంక్షలు తెలిపి ఆ అధికారి ఫోన్ పెట్టేశాడు. ఆమె దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లు ఊరుకోలేక ఉత్తరాలు రాశారు. బడి పంతులమ్మ రాసింది. గొర్రెల మందలవాడు రాశాడు. ఆమె చేతుల్లో పుట్టిన బిడ్డ తల్లి రాసింది. వాటిని భద్రంగా తిప్పి పంపారు. కళ్లెదుట మనిషిని నమ్మరు, ఆ మనిషి వల్ల బతికినవాళ్లను నమ్మరు, కాగితాన్ని నమ్ముతారు. మనవాళ్లు జాతకం కాగితం చూసి పెళ్లికూతురి గుణం తేల్చినట్టే. మన మూఢత్వాన్ని చూసి నవ్వే దేశాలు తమ మూఢత్వానికి కంప్యూటరు అని పేరు పెట్టుకున్నాయి.

ఆ పరీక్ష అక్కడే రెండుసార్లు రాసింది. వినడం, చదవడం, మాట్లాడడం, మూడింట్లో దండిగా మార్కులు. రాయడంలో రెండుసార్లూ అర మార్కు తక్కువ. వీసా దసరాతో ముగుస్తుంది. ఈలోగా హైదరాబాదులో రాసి నెగ్గితే సరి, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

"అక్కడ అంత ఏమున్నదే? ఇక్కడ చేసుకోరాదూ?" అన్నాను.

"ఇక్కడ చేసిన గద సార్, ఆరు నెలల కాంట్రాక్టు. అయిపోయినంక మళ్ల పిలుస్తమన్నరు. పిలిచిండ్రా?" అంది. మళ్లీ తనే, "అక్కడ నేను లేకుంటే ముసలోళ్లు రెండు గంటలు కార్ల కూసొని ఇంకో దవాఖానాకు పోవాలె. నాకు వాళ్లు అలవాటయిండ్రు, వాళ్లకు నేను అలవాటయిన. నాకా పని కావాలె సార్" అంది.

అంతకు మించి నేను అడగవలసింది లేదు.

మర్నాడు ఆమెతోపాటు నేనూ ఆ ఇంగ్లీషు పరీక్షకు తయారుచేసే కోచింగ్ సెంటరుకు వెళ్లాను. మా ఖమ్మంలో వీధికి నాలుగు కోచింగులు. ఈ సెంటరు మేడ మీద ఉంది. మాస్టారుది కల్లూరు. విమానం ఎక్కలేదు, సముద్రం దాటలేదు, అయినా ఎంతోమందిని దాటించాడు. గోడ మీద పరీక్ష తేదీల పట్టిక, దాని పక్కనే రాహుకాలాల పట్టిక. రెండూ ఒకే రంగు కాగితం మీద అచ్చువేయించి, ఒకే మేకుకు తగిలించాడు.

మాస్టారు ఆమె చేత ఒక వ్యాసం రాయించాడు. జంతు ప్రదర్శనశాలలు ఉండాలా, వద్దా? డాక్టరుకు, శాశ్వత నివాసానికి, పులి బోనుకు సంబంధమేమిటో నన్ను అడగకండి. ఆమె నలభై నిమిషాల్లో రాసి ఇచ్చింది. మాస్టారు చదువుతూ మొదట కనుబొమలు ఎగరేశాడు, తర్వాత గట్టిగా నవ్వాడు.

"మేడమ్, ఇది వ్యాసమా, బస్టాండ్ల లొల్లా? మొదలు పెట్టుడే 'ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఎప్పుడైనా అడవి చూశారా' అని రాసిండ్రు. పేపర్ దిద్దేటోన్ని పట్టుకొని తిడితే మార్కు వేస్తడా?"

"అడవి చూడకుండ గట్ల అడగొద్దు గద" అందామె.

"ఇగ ఆఖరుకు ఏంది మేడమ్ ఇది? 'వెంటనే బోనులు తెరవండి'! వాడు ఎక్కడ తెరుస్తడు? వాని దగ్గర తాళం చెవులున్నయా? ఎవరు నేర్పిండ్రు మీకు గిట్ల రాసుడు?"

ఆమె నా వైపు చూసింది. నేను రాహుకాలాల పట్టిక వైపు చూశాను.

అప్పటిదాకా ఆ అర మార్కు ఎవరో గుమాస్తా దుర్మార్గం అనుకుంటున్నాను. అది మా ఆదివారం సభ పుణ్యం. ప్రశ్నను నిలదీయమని చెప్పింది నేను. ఎదుటివాడికి ఊపిరి తీసుకునే సందివ్వొద్దని చెప్పింది నేను. చివర ఒక పని అప్పజెప్పి దిగాలి అని వేదిక మీద చేయి ఊపి చూపింది నేను. ఆ పిల్ల నమ్మింది. నమ్మి, సముద్రాల అవతల, మొహం తెలియని పరీక్షకుడి మీద రెండుసార్లు దండెత్తింది.

"మేడమ్, సింపుల్" అన్నాడు మాస్టారు. "కొందరు ఉండాలంటరు, ఒక పేరా. కొందరు వద్దంటరు, ఒక పేరా. రెండిట్ల మంచున్నది, రెండిట్ల చెడున్నది. ఆఖరుకు బ్యాలెన్స్ చేసి దిగుడే. పులి మీదైనా ప్లాస్టిక్ మీదైనా ఇదే అచ్చు."

"మరి నాకు ఏమనిపిస్తదో అది?"

"మీకేమనిపిస్తే ఎవరిక్కావాలె మేడమ్? మార్కు కావాలె."

ఇంత నిజాయితీగా ఒక పరీక్ష లోగుట్టు చెప్పినవాణ్ని నేను యూనివర్సిటీల్లో కూడా చూడలేదు. భాష వచ్చా అని అడుగుతున్నట్టు నటించే పరీక్షలో నిజానికి అడిగేది అచ్చులో ఒదుగుతావా అని. ఒదిగినవాడికి భాష వచ్చినట్టు, ఒదగనివాడికి రానట్టు.

ఆ తర్వాత పరీక్ష తేదీ. కంప్యూటరులో దగ్గరగా ఖాళీ ఉన్నది మంగళవారమే.

"మంగళవారం వద్దు మేడమ్. మొన్న మంగళవారం రాసి ఒకాయన మునిగిండు" అన్నాడు మాస్టారు.

నేను ఉండబట్టలేక, "మంగళవారం కాన్పుకొచ్చిన మనిషిని బుధవారం రమ్మనాలెనా ఏంది డాక్టరమ్మ?" అన్నాను.

"సార్, మీరట్ల పోయి చాయ్ తాగి రాండ్రి" అన్నాడు మాస్టారు, ఎంతో మర్యాదగా.

ఆమె మంగళవారమే పెట్టుకుంది. నా మాట విని కాదు. వీసా గడువు దగ్గరపడుతోంది కాబట్టి.

పరీక్షకు పది రోజులుందనగా మేనత్తకు ఒంట్లో బాగాలేదని గూడెం నుంచి ఫోను వచ్చింది. నేనూ వస్తానన్నాను. బస్సులో దమ్మపేట దాకా, అక్కణ్నుంచి పామాయిలు తోటల మధ్య ఆటోలో. తునికాకు కోతలు అయిపోవచ్చిన రోజులు. మేనత్త వాకిట్లో మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉంది. అయినా మేనకోడల్ని చూడగానే నోరు లేచింది. ఆమె వచ్చీరాని తెలుగులో నా కోసం అంది.

"దీనికి ఇంగిలీసు రాదంటనా? మరి నాలుగేండ్లు ఆడ ఏం కూసింది? కోడి కూసినట్టు కూసిందా?"

"గట్లనే కూసిన అత్తా, వాళ్లకు నచ్చింది" అందీమె.

మేనత్త తెలుగు సంత తెలుగు. చింతపండు ఎంతకిస్తవు, కొసరు ఎయ్యి, తూకం సరిగ చూపియ్యి, ఎకసెక్కాలు, తిట్లు. అందులో ఆమెను గెలిచే వర్తకుడు లేడు. కానీ బేరానికి సరిపోయే భాష నొప్పికి సరిపోదు. ఆ సంగతి మర్నాడు పొద్దున అక్కడి సర్కారు దవాఖానాలో చూశాను.

డాక్టరు కుర్రవాడు, హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. మంచివాడే, చెమటలు కక్కుతూ వరసగా చూస్తున్నాడు. మేనత్త వంతు వచ్చింది. మేనకోడలు తాను డాక్టరునని చెప్పకుండా పక్కన నిలబడింది. ఇంకొకరి దవాఖానాలో పెత్తనం చేయకూడదని ఆమె పట్టుదల. ఆ కుర్రవాడికి కోయమాట ఒక్కటీ రాదు. ఊడ్చే ఆమెకు వచ్చు. ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చి నిలబడింది. ఆ దవాఖానాలో దుబాసీ ఆమే, జీతం మాత్రం చీపురుకే.

"ఎన్ని రోజుల నుంచి నొప్పి?" అన్నాడు డాక్టరు.

మేనత్త తన మాటలో చెప్పడం మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, మోకాళ్లు చూపిస్తూ, పొట్ట పట్టుకుని, ఒకసారి వాంతి వచ్చినట్టు చేసి, చాలాసేపు చెప్పింది. ఊడ్చే ఆమె ఓపికగా విని, డాక్టరు వైపు తిరిగింది.

"మొన్నటి సంది కడుపునొప్పంట సారూ."

"సరే, నొప్పికి సూది వేయించుకోమను" అని డాక్టరు చీటీ రాయబోయాడు.

అప్పుడు డాక్టరమ్మ ఆయన చేయి పట్టుకున్నంత పని చేసింది.

"డాక్టర్, ఒక్క నిమిషం. మొన్నటి సంది కాదు. ఇప్పపూలు ఏరేటప్పటి సంది అంటోంది. అంటే రెండు నెలలు. మోకాళ్ల నొప్పులకు సంతల గోలీలు కొని పొద్దుకు రెండు మింగుతోందట. దొడ్డికి నల్లగా పోతోందట. నొప్పి సూది ఇస్తే లోపల ఇంక రక్తం పోతది."

ఆ కుర్రవాడి చేతిలో పెన్ను ఆగిపోయింది. లేచి నిలబడ్డాడు. తర్వాత అన్నీ సరిగానే చేశాడు. మేనత్తను అంబులెన్సులో భద్రాచలం పంపించారు, నాలుగు రోజుల్లో కోలుకుంది. వెళ్లేముందు అతను డాక్టరమ్మతో అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదు మేడమ్. పోస్టింగ్ ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్లన్నీ చూశారు. ఈ భాష వచ్చా అని ఒక్కళ్లూ అడగలేదు."

ఆ ఊడ్చే ఆమెను తప్పుపట్టేవాళ్లుంటే ముందు సిగ్గుపడండి. రోగికీ డాక్టరుకీ మధ్య వంతెన కట్టవలసిన పని సర్కారుది. అది కట్టకపోతే ఆమె తన ఒళ్లు వంచి నిలబడింది. ఆమె కుదించి చెప్పింది కాబట్టి ప్రమాదం వచ్చింది. ఆమె కూడా లేకపోతే ఆ మాత్రం మాటా లేదు.

తిరుగు ఆటోలో నేను నా ధోరణిలో చెలరేగాను. అక్కడ రోజూ ఇంగ్లీషులో వైద్యం చేసేదానికి మూడోసారి పరీక్షట, ఇక్కడ ఒక్క ముక్క రానివాడికి ఒక్కసారి కూడా లేదట. అది మతిలేని దేశం, ఇది గతిలేని దేశం. ఇలా ఏదేదో. ఆమె విని విని అంది.

"సార్, పరీక్ష పెట్టుడు తప్పని నేననను. రోగి మాట తెల్వని డాక్టర్ ప్రమాదం. వాళ్లు అడగాల్సింది అడగలేదు, అంతే. పులి బోను గురించి కాదు, కడుపునొప్పి గురించి అడగాలె. ఇక్కడోళ్లు అసలు ఏదీ అడగలేదు."

"అవ్. ఈ సర్కార్లకు ఎన్నడు తెలివొస్తదో."

"సర్కార్లు సరే సార్. మీరు కూడ అడగలే."

ఆటో చప్పుడులో ఆ మాట నాకు వినపడలేదని నటించే వీలుంది. ఆమె ఆ వీలు ఇవ్వలేదు.

"హాస్టల్ల మీ సభ యాదికున్నదా సార్? హాల్ల కోయమాట వినపడితే సభ అయిపోయేదాక నిలబడాలె. నేను మొదటి మూడు ఆదివారాలు నిలబడే విన్న."

యాదికుంది. ఆ నియమం పెట్టింది నేనే. పిల్లలు వెనకబడిపోకూడదని, లోకం భాష నోటికి పట్టాలని, ఎంతో సంస్కారం ఉట్టిపడేట్టు పెట్టాను. దురాచారాల మీద గంటలకొద్దీ మాట్లాడుతూ, హాలు చివర ఒక పిల్ల సొంత మాట మాట్లాడిన నేరానికి నిలబడి ఉంటే అది నా కళ్లకు క్రమశిక్షణలా కనపడింది. ముప్పై ఏళ్లు ఈ అడవికి ఇంత దగ్గర్లో బతికి నేను నేర్చుకున్న కోయమాటలు ఎన్ని? సున్నా. ఆ అధికారి కంప్యూటరు నా కంటే నయం. దానికి తెలియదని అది ఒప్పుకుంది.

మంగళవారం ఆమె హైదరాబాదులో పరీక్ష రాసింది. ఊళ్లలో కంటే పట్నాల్లో బతకడం మేలా అన్నది ఆనాటి ప్రశ్న. కొందరు ఔనంటారు, కొందరు కాదంటారు, రెండింట్లోనూ మంచుంది, చెడుంది. తనకు ఏమనిపిస్తుందో ఒక్క వాక్యం కూడా రాయకుండా వచ్చింది. ఫలితం వచ్చింది. కావలసిన దాని కంటే అర మార్కు ఎక్కువ. మాస్టారు తన గోడ మీద ఆమె ఫొటో పెట్టుకున్నాడు, రాహుకాలాల పట్టిక పక్కనే. మంగళవారం సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

తిరిగి వెళ్లేముందు మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె ఒక పని చేసింది. డాక్టరు రోగిని అడగవలసిన ప్రశ్నలు, ఎక్కడ నొప్పి, ఏ పండుగప్పటి నుంచి, ఏ పంటప్పటి నుంచి, ఏ గోలీలు మింగావు, రక్తం పడుతోందా, కడుపుతో ఉన్నావా, ఇలాంటివన్నీ కోయమాటలో, తెలుగు అక్షరాల్లో రెండు కాగితాల మీద రాసింది. రోగి చెప్పగల జవాబులు వాటి పక్కన, అన్నిటికీ తెలుగు అర్థాలు. దాన్ని తీసుకెళ్లి ఆ కుర్ర డాక్టరుకు ఇచ్చింది. అతను బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

వానల్లో నేనొకసారి వెళ్లి చూశాను. అతను కాగితం మీద వేలు పెట్టుకుని, తడబడుతూ, మళ్లీ చూపించుకోవడానికొచ్చిన మేనత్తను అడుగుతున్నాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఈసారి నొప్పితో కాదు.

"వీడు పిల్లోడు మాట నేర్చినట్టు అడుగుతుండు" అని నాతో అని, అతను అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. ఊడ్చే ఆమె ఆ పూట ఊడ్చుకుంది.

దసరా తర్వాత మళ్లీ వెళ్లాను. కుర్ర డాక్టరుకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చాడు. బల్ల అద్దం కింద మందుల కంపెనీ క్యాలెండరు ఉంది. కాగితాలేవని అడిగితే ఎవరికీ తెలియదు. ఊడ్చే ఆమె చీపురు గోడకు ఆనించి, రోగి పక్కన నిలబడి ఉంది. "మొన్నటి సందంట సారూ" అంటోంది.

డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను. అక్కడ ఆమెకు అనుమతి కాగితం వచ్చింది. ముందు ఆ కబురు చెప్పింది. తర్వాత, "నా దగ్గర నకలున్నది సార్, పంపుత. కానీ ఎన్నిసార్లు పంపాలె?" అంది.

ఆ ప్రశ్న మీకు అప్పజెబుతున్నాను, జవాబు మీ దగ్గర ఉంది. చదివి తల ఊపి పక్కన పెట్టకండి. కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు అని మాస్టారి అచ్చు నాకు చూపించకండి. ఈ వారం మీ మండలం సర్కారు దవాఖానాకు వెళ్లండి. ఇక్కడికి వచ్చే రోగుల మాటలు ఏవి, అవి ఇక్కడి డాక్టర్లలో ఎవరికి వచ్చు, రానివాళ్లకు ఎవరు నేర్పుతున్నారు అని కాగితం మీద రాసి ఇవ్వండి. ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాతలో వచ్చేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి. నిలబడండి. మొదటి మూడు ఆదివారాలు ఒక చిన్నపిల్ల నిలబడింది, మీకేం రోగం?